మీగడ మచ్చ

మా రంగుల కంపెనీలో ఆమెను ఎదురుగా మేడం అంటాం, వెనకాల పావుచుక్క అంటాం. ఆ పేరు ఆమెకూ తెలుసు. ఎప్పుడైనా ఎవరి నోరో జారి ఎదుటే ఆ పేరు బయటపడితే, "పావుచుక్క ధైర్యమైనా లేదు మీకు, ఇన్నాళ్లూ గోడ చాటునే అన్నారు" అని నవ్వేసి పనిలో పడిపోతుంది.

ఇనుప బీరువాలకు, ఆసుపత్రి మంచాలకు, కిటికీ గ్రిల్లులకు వేసే రంగులు మా దగ్గర తయారవుతాయి. కొనేవాళ్లు ఒక రేకు ముక్క తెచ్చి, "సరిగ్గా ఇదే రంగు కావాలి" అంటారు. ఆ "సరిగ్గా" అన్న మాట మీద ఆమె బతుకు నడుస్తోంది. డబ్బాలో చుక్క నలుపు, చుక్క పసుపు, చుక్క నీలం వేసి కలుపుతుంది. అట్టముక్క మీద పూస్తుంది. ఆరిన తర్వాత ఉత్తరం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, రేకు పక్కన పెట్టి చూస్తుంది. అక్కడి వెలుతురు చల్లగా, ఎవరి పక్షమూ వహించకుండా ఉంటుంది. చూసి పెదవి విరుస్తుంది.

"పావు చుక్క నలుపు ఎక్కువైంది."

మాకు ఆ రెండూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. ఆమెకు మాత్రం ఒకడు దొర, ఇంకొకడు దొంగ.

ఈ కన్ను సాయంత్రం ఆఫీసులోనే ఉండిపోతే బాగుండేది. వెంట ఇంటికి పోతుంది, చుట్టాలిళ్లకూ పోతుంది. ఒకసారి దగ్గరి బంధువు పోయినప్పుడు అందరూ గోడకు జేరబడి ఏడుస్తున్నారు. ఆమె కూడా నిజంగానే ఏడుస్తూ, ముక్కు తుడుచుకుంటూ, పక్కావిడ చెవిలో, "ఈ గోడకి రెండు వేరే వేరే డబ్బాలు వాడారు చూడండి" అంది. పెళ్లయిన కొత్తలో భర్త మురిపెంగా నవ్వితే, "మీ ముందు పళ్లు ఒక షేడు, పక్క పళ్లు ఒక షేడు" అందట. పాపం ఆయన అప్పటినుంచి ఏ ఫొటోలోనూ నోరు తెరవలేదు.

ఆమెకు ఈ పని నేర్పింది బాబాయ్. ఆయన ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు, కంపెనీ అంతటికీ బాబాయే. ఆమె చేరిన రోజున ఆయన తెల్ల అట్టలన్నీ టేబుల్ మీద పరిచి, "తెలుపంటే రంగు కాదమ్మాయ్, అదొక ఊరు" అన్నాడట. "సున్నం తెలుపు ఒక వీధి, ఎముక తెలుపు ఒక వీధి. పాల వీధికీ మీగడ వీధికీ మధ్య చిన్న సందు ఉంటుంది. ఆ సందులోనే చాలామంది దారి తప్పుతారు." ఆయన మాత్రం ఆ ఊళ్లో కళ్లకు గంతలు కట్టినా తిరగగలిగేవాడు.

అక్కడ ఒక నియమం ఉంది, పెట్టింది కూడా ఆయనే. ఒకరు కలిపిన రంగును ఇంకొకరు చూసి పంపాలి. "మన కన్ను మనకి చుట్టం. చుట్టం తప్పు పట్టదు" అనేవాడు. అలా ఆయన కలిపింది ఆమె, ఆమె కలిపింది ఆయన చూసుకుంటూ జుట్లు నెరిపించుకున్నారు. ఈ మధ్య బాబాయ్ కలిపిన తెలుపులకు ఆమె దిద్దుబాట్లు ఎక్కువే చెప్పాల్సి వస్తోంది. ఆయన విసుగ్గా ఉన్నాడేమో, పైపైన చేస్తున్నాడేమో అనుకుని ఊరుకుంది.

అంతలో ఆమెకు కారు నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది. దానికోసం సెలవు పెట్టింది. ఆ రోజుల్లో బాబాయ్ కలిపిన తెలుపును బాబాయే చూసి పంపాడు. అది కాస్తా తిరుగు టపాలో వచ్చింది. ఆసుపత్రివాళ్లు కొత్త మంచాలు కూడా పాతవాటిలా కనిపిస్తున్నాయని, రోగులు ఎక్కడానికి వెనకాడుతున్నారని గొడవ పెట్టారు. మా మేనేజరు మనిషి చెడ్డవాడు కాదు గాని, పైవాళ్లు ఆయన మీద అరిస్తే ఆ అరుపును దాచుకునే చోటు ఆయన దగ్గర లేదు. డబ్బా మీద కలిపినవాళ్ల పేరుండదు, ఆ రోజు సెలవు ఎవరిదో ఆయనకు గుర్తులేదు.

"ఎవరి కన్ను తప్పిందో తేలుస్తాను. నెలాఖరున ఇద్దరికీ పరీక్ష. రంగు బిళ్లలు లేతనుంచి ముదురుకి వరస తప్పకుండా పేర్చాలి. తప్పినవాళ్లు స్టోర్లోకి వెళ్లి డబ్బాలకి మూతలున్నాయో లేదో చూసుకుంటూ కూర్చోవాలి" అన్నాడు.

బాబాయ్ పకపకా నవ్వాడు. "మూతలు చూసే పనికి కళ్లెందుకు సార్, చెయ్యి చాలు."

ఇక కారు సంగతి. ఎవరో వాడి అమ్మిన కారు, తెల్లది. ఆమె నడిపితే అది రోడ్డు మీద ఆలోచిస్తూ పోతుంది. సైకిళ్లు దాటిపోతాయి. బడి పిల్లలు చెయ్యూపి దాటిపోతారు. భర్త పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కాళ్లతో తొక్కుతూ, దానికి కొంగ అని పేరు పెట్టాడు. "తెల్లగా ఉంటుంది, ఒక చోట నిలబడితే కదలదు" అని. ఆమె పట్టించుకోలేదు. ఎన్నో ఏళ్లు బస్సుల్లో ఊపిరాడక ప్రయాణించిన మనిషి, సొంత అద్దం దించుకుని సొంత గాలి పీల్చుకుంటూ వస్తుంటే ఎవరి వెక్కిరింత చెవిన పడుతుంది?

ఆ కొంగను రోజూ స్టోరు గోడ పక్కన నిలబెట్టేది. ఒకనాటి మధ్యాహ్నం, భోజనాలయ్యాక, కారులో గొడుగు మరిచిపోయానని వెళ్లి, వెనక తలుపు దగ్గర నిలబడిపోయింది. మేము కిటికీలోంచి చూసి, ఏదో జరిగిందని దిగి వెళ్లాం.

తలుపు కింది భాగంలో బొటనవేలు పట్టేంత సొట్ట. దాని మీదుగా చెయ్యంత పొడుగున పూసిన రంగు. పూత చాలా పనితనంతో ఉంది, అంచులు గాలి ఊదినట్టు పలచబడి కారులో కలిసిపోయాయి. కాని తెల్ల కారు మీద అది మీగడలా తేలి కనిపిస్తోంది.

అందరికంటే ముందు వాచ్‌మన్ మాట్లాడాడు. "నేను చూళ్లేదు మేడం. నేను గేటు వదిలి ఎక్కడికీ వెళ్లలేదు. టీకి కూడా వెళ్లలేదు. టీ నాకు పడదసలు."

"నిన్నెవరు అడిగారు?" అంది పావుచుక్క.

"అడుగుతారేమో అని."

ఇంకెక్కడైనా అయితే మొదటి ప్రశ్న ఎవడు గుద్దాడని. మా కంపెనీలో ఆ ప్రశ్న ఒక్కడికీ రాలేదు. ఒకడు ఇది మీగడ అన్నాడు. ఇంకొకడు కాదు, ఏనుగు దంతం అన్నాడు. మూడోవాడు వంగి చూసి, అటకమీద పడేసిన పాత పుస్తకంలో కాగితం రంగు అని తీర్పిచ్చాడు. దంతంవాడికీ కాగితంవాడికీ మాటా మాటా పెరిగింది. కారు వాళ్ల నడుమ పెళ్లికూతురులా మౌనంగా నిలబడి ఉంది.

పావుచుక్క మాత్రం ఆ అంచుల్నే చూస్తోంది. రంగును అలా బొటనవేలి పక్కతో అద్ది పలచబరిచే మనిషి ఈ ఆవరణలో ఒక్కడే. చెయ్యి బాబాయ్‌ది. మరి కన్ను ఎవరిది?

అప్పుడు బాబాయ్ గుంపులోంచి ముందుకొచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, తలుపు మీదికి వంగాడు. సొట్టను చూశాడు. మచ్చ మీదుగా ఆయన చూపు ఆగకుండా సాగిపోయింది, నీటి మీద చేయి పెట్టి తీసినట్టు. తల ఎత్తి, నిజంగా ఆశ్చర్యపోయి, మెల్లగా అడిగాడు.

"ఏ రంగు గురించే వీళ్ల గోల? ఎక్కడుంది తేడా?"

ఆ మాట ఆమె గుండెలో రాయిలా పడింది. అంతలోనే మేనేజరు వచ్చాడు. మచ్చ చూడగానే ఆయన కనుబొమ్మలు లేచాయి. ఆసుపత్రి మంచం మీద చూసిన రంగే అది. ఆమెకూ అప్పుడే గుర్తొచ్చింది.

"ఎవరు పూశారు ఇది?" అన్నాడు.

బాబాయ్ నోరు తెరిచాడు. ఆయన మాట బయటికి వచ్చేలోపు ఆమె, "నేనే సార్" అంది. "గేటు స్తంభానికి రాసుకుంది. నేనే పూసుకున్నాను."

"మీరా? ఇదా?"

"తొందరలో."

"తొందరలో పావు బకెట్టు పసుపు పోశారా మేడం?"

అందరూ విరగబడి నవ్వారు. మేనేజరుకు తన హాస్యం తనకే నచ్చి మళ్లీ ఒకసారి అన్నాడు. ఆ సాయంత్రానికి ఆమె పేరు మారిపోయింది. పావుచుక్క కాస్తా పావుబకెట్టు అయింది. ఎన్నేళ్లుగానో చుక్కా చుక్కా కూడబెట్టుకున్న పేరు, ఒక్క దెబ్బకు బకెట్లో పోయింది.

ల్యాబులోకి రాగానే బాబాయ్ తలుపు వేశాడు. "ఎందుకే ఆ అబద్ధం? నీ కారుని గుద్దింది నేను. డ్రమ్ముల బండి వెనక్కి తోస్తుంటే చక్రం తిరగబడింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"బాగుచేసి చెబుదామని. జ్వరం తగ్గాక జ్వరమొచ్చిందని చెబితే ఎవరికీ కంగారుండదు కదా. తీరా పూశాక చూస్తే అంత బాగా కలిసిపోయింది, ఇంక చెప్పడమెందుకులే అనిపించింది." ఆయన ముఖంలో తప్పు చేసినవాడి సిగ్గు కొంచెం, పనివాడి గర్వం చాలా. "ఆ సొట్ట లేకపోతే నువ్వు కూడా పట్టుకోలేకపోయేదానివి, ఒప్పుకో. వీళ్లకి కళ్లు లేక మీగడా, దంతమూ అంటున్నారు గాని!"

పాటగాడితో నీ గొంతు పోయిందని అనగలమా? వంటమనిషితో నీ నాలుక చచ్చిందని? తనకు ఆ ఊరి వీధులన్నీ చెయ్యి పట్టుకుని చూపించిన మనిషి, అదే ఊళ్లో, తన ఇంటి ముందే దారి తప్పి నిలబడ్డాడు. తప్పానని కూడా తెలియదు. నెలాఖరు పరీక్షలో ఆ కిటికీ ముందు, అందరి ఎదుటా తెలుస్తుంది. అప్పుడు మూతల గదే గతి.

ఇంటికి వెళ్లాక భర్త మచ్చను చూసి, "మెకానిక్‌కి ఇద్దాం, గీకేసి కొత్తగా కొడతాడు" అన్నాడు.

"దాన్ని ముట్టుకుంటే చెయ్యి విరుగుతుంది."

"ఎవరి చెయ్యి? వాడిదా, నాదా?"

"ముందెవరు ముట్టుకుంటే వాళ్లది. అది చూడాల్సిన మనిషి చూసేదాకా అక్కడే ఉండాలి."

అత్తగారు గుమ్మంలోంచి దిగి వచ్చింది. ఆ మధ్యనే ఆవిడ కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఇంట్లో శాంతి లేదు. పట్టీ విప్పిన రోజున ఇల్లంతా కలయజూసి, "ఇన్నాళ్లూ ఈ దుమ్ములోనా నన్ను బతికించారు?" అంది. అద్దం ముందుకు వెళ్లి, "ఈ ముసలిదాన్ని ఎవరు రానిచ్చారు లోపలికి?" అంది. ఇప్పుడు ఆవిడ కారు ముందు వంగి, కొత్త కళ్లతో మచ్చను చూసి తల ఊపింది.

"ఈ రంగు నాకు తెలుసే. కళ్లు బాగుపడక ముందు మన ఇల్లంతా ఇదే రంగు. నేను తెలుపనే అనుకునేదాన్ని."

పావుచుక్క చటుక్కున అత్తగారి వైపు తిరిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ మాట ఒకటి ఇంత ముద్దుగా వినిపించడం అదే మొదటిసారి.

"అత్తయ్యా, రేపు నాతో మా ఆఫీసుకి వస్తారా?"

"కొంగ మీదా? అయితే ఇప్పుడే బయల్దేరాలేమో."

మర్నాడు ఆవిడ ల్యాబులోకి వచ్చి, కుర్చీ లాక్కుని, బాబాయ్ ఎదురుగా కూర్చుంది. కోడలికి బాబాయ్ అంటే తనకు వియ్యంకుడి వరసే గదా, ఆ మర్యాద తప్పకుండానే మొదలుపెట్టింది.

"అన్నయ్యగారూ, నా కోడలి కారుకి మీగడ పెట్టింది తమరేనట!"

బాబాయ్ పావుచుక్క వైపు గుర్రుగా చూశాడు. ఆమె, "చెప్పాను. చెప్పలేదంటే ఇంకో అబద్ధం అవుతుంది, ఒకటే మొయ్యలేక చస్తున్నా" అంది.

"గుద్దాను చెల్లెమ్మగారూ, కాదనను. మీగడ మాత్రం కాదు. అది తెలుపు."

"నేనూ అలాగే పోట్లాడేదాన్ని. మా తలగడ గలీబులు మల్లెపువ్వుల్లా ఉన్నాయనేదాన్ని. కళ్లు బాగయ్యాక చూస్తే అవి గలీబులు కావు, మసిగుడ్డలు."

"ఈ కంపెనీ నడిచింది నా కళ్ల మీద చెల్లెమ్మగారూ."

"మా ఇల్లు నడిచింది నా మోకాళ్ల మీద. ఇప్పుడు మెట్లెక్కమనండి, చూద్దాం."

బాబాయ్ పావుచుక్క వైపు తిరిగాడు. "అంటే? నాకు కళ్లు పోయాయంటావా? నువ్వు? నాతోనా?"

ఆమె లేచి, ఉత్తరం కిటికీ గట్టు మీద రెండు అట్టముక్కలు పక్కపక్కన పెట్టింది. ఒకటి ఆయన కారుకు కలిపిన రంగు, డబ్బాలో మిగిలినది. రెండోది ఆమె పొద్దున్నే వచ్చి, కారు తెలుపుకు సరిగ్గా కలిపింది.

"ఏది కారు రంగో చెప్పు బాబాయ్."

ఆయన దగ్గరికి వెళ్లి చూశాడు. కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. తల వంచి ఒకసారి, వెనక్కి జరిగి ఒకసారి. "రెండూ ఒకటే కదే, వేళాకోళమా?" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఆ కిటికీ దగ్గర ఆమె ఒకే రంగు అట్టలు రెండు పెట్టదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అలా పెట్టకూడదని నేర్పింది ఆయనే.

కళ్లజోడు మడిచి అడిగాడు. "ఎంత తేడా ఉంది?"

"చుక్కల్లో చెప్పలేను బాబాయ్."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. చేతుల మీద ఎండిన రంగు మరకలను గోటితో గిల్లుకుంటూ, "అయితే ఆసుపత్రివాళ్లు అన్నది నిజమే, ఆ మంచాల తప్పు కూడా నాదే" అన్నాడు. "మూతలు చూసుకోమంటారు ఇక."

"మూతలూ లేవు, గీతలూ లేవు" అంది పావుచుక్క, గొంతు పెంచి. పెంచకపోతే ఏడుపు వచ్చేట్టుంది. "నా కారుని గుద్దినందుకు జరిమానా వేస్తున్నా. మెకానిక్ దగ్గరికి నువ్వు రానక్కర్లేదు. కళ్ల డాక్టరు దగ్గరికి రా."

"భయపడకండి అన్నయ్యగారూ" అంది అత్తగారు. "డాక్టరు మంచివాడే. కాస్త వాగుతాడు. పట్టీ కట్టించుకుని పారిపోలేం కాబట్టి వినాలి, అంతే."

ఆమే కొంగలో తీసుకెళ్లింది. దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ కారును దాటి వెళ్తుంటే, "అమ్మాయ్, ఆయన్ని అడిగి చూడు, మనల్ని కూడా తీసుకెళ్తాడేమో" అన్నాడు. ఆ మాటతో ఆమెకు కాస్త ప్రాణం లేచొచ్చింది. వెక్కిరించే ఓపిక ఉన్నవాడు బాగుపడతాడు.

డాక్టరు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నాడు. ముందు కుడి కన్ను చేస్తాను, అది సర్దుకున్నాక ఎడమది అన్నాడు. ఆపరేషనయ్యాక ఇంకా చాలా విషయాలు అన్నాడు. పట్టీ కట్టి ఉంది కాబట్టి బాబాయ్ అన్నీ విన్నాడు.

సెలవు ముగించుకుని, నల్ల కళ్లద్దాలతో ఆయన మళ్లీ వచ్చిన ఉదయం, లోపలికి రాకుండా తిన్నగా స్టోరు గోడ దగ్గరికి నడిచాడు. మేమంతా మెట్ల మీదే ఆగిపోయాం. మేనేజరు కూడా అప్పుడే వచ్చి ఆగాడు. బాబాయ్ అద్దాలు తీశాడు. అరచేత్తో కుడి కన్ను మూసి కారు వైపు చూశాడు. తర్వాత ఎడమ కన్ను మూసి చూశాడు. మళ్లీ అది, మళ్లీ ఇది. ఒక కన్నులో పాత సాయంత్రం, ఒక కన్నులో ఇప్పుడే తెల్లవారిన పొద్దు.

"ఓరి నాయనోయ్" అన్నాడు. "ఎవడు పూశాడే ఇది?"

"నువ్వే" అంది పావుచుక్క.

"వాడి చేతులు విరగ్గొట్టాలి!"

తర్వాత మేనేజరు వైపు తిరిగి, కప్పదాట్లు లేకుండా చెప్పేశాడు. "గుద్దింది నేను, పూసింది నేను. ఆసుపత్రి తెలుపు కూడా నాదే సార్."

"మరి మేడం నేనే అన్నారు?"

"ఆవిడకి అబద్ధం కలపడం రాదు సార్. వెలుతుర్లో పెడితే చాలు, తేడా తెలిసిపోతుంది. మీరే సరిగ్గా చూళ్లేదు."

మేనేజరు ఇబ్బందిగా దగ్గాడు. "పరీక్ష ఉంది, తెలుసుగా?"

"ఇప్పుడే పెట్టండి. కొత్త కన్ను, వేడి మీదుంది."

కిటికీ దగ్గర కూర్చుని, ఎడమ కన్ను మూసుకుని, ఆయన బిళ్లలు పేర్చాడు. పావుచుక్క గోడవైపు తిరిగి నిలబడింది, చూడలేక. ఒక్క బిళ్ల చేతిలో పట్టుకుని ఆయన తటపటాయించాడు. వరస తెలియక కాదు. "దీన్ని ఎవరో తడి చేత్తో పట్టుకున్నారు సార్, మరకుంది" అని మేనేజరుకే చూపించాడు. మేనేజరు వరసంతా రెండుసార్లు సరిచూసి, ఇంకేం చేయలేక తల ఊపాడు. ఎడమ కన్ను కూడా అయ్యేదాకా, ఆమె చూడకుండా ఆయన తెలుపులు గడప దాటకూడదు అన్నాడు. ఆ నియమం మాకు ముందునుంచీ ఉన్నదే. మేనేజరు కొత్తగా కనిపెట్టినట్టు చెప్పాడు, మేమూ కొత్తగా విన్నట్టు విన్నాం.

మధ్యాహ్నం బాబాయ్ కొంగ కోసం తెలుపు కలిపాడు. పాత మచ్చను సన్నటి ఇసుక కాగితంతో రుద్ది తీసేశాడు. అట్టముక్క కిటికీ దగ్గరికి వచ్చింది. పావుచుక్క చూసింది, తల పక్కకు వంచి మళ్లీ చూసింది.

"పావు చుక్క నలుపు తక్కువైంది."

"తెలుసు. నువ్వంటావో లేదో అని వదిలాను" అన్నాడు బాబాయ్.

అది అబద్ధమో నిజమో ఆమె అడగలేదు. చుక్కలో పావు పడింది. ఆయన బొటనవేలి పక్కతో అంచులు అద్దాడు. ఆరింది. ఎండ తలుపు మీద ఎక్కడా ఆగకుండా జారిపోయింది. సొట్ట ఒక్కటి చిన్న నవ్వులా మిగిలింది, దాన్ని ఉండనీ అంది ఆమె.

బాబాయ్ మాత్రం కదల్లేదు. తలుపు చూసి, ముందు తలుపు చూసి, పైకప్పు చూసి, వేలితో ఒక గీత గీశాడు. వేలు నల్లబడింది.

"అమ్మాయ్, ఒక మాట చెబితే తిట్టవు కదా?"

"చెప్పు."

"నేను కలిపింది మాసిపోయిన రంగుకి. ఇది నీ కారు అసలు తెలుపే కాదే. ఎప్పుడు కడిగావు దీన్ని?"

గుద్దినరోజు రాని కోపం, బకెట్టని పేరు పెట్టినప్పుడు రాని కోపం, అప్పుడొచ్చింది.

"గుద్దితే ఊరుకున్నాను! మీగడ పూస్తే నాదేనన్నాను! నా కారుని పట్టుకుని మురికిదంటావా? ఆ కన్ను ఎవరు బాగుచేయించారో గుర్తుందా నీకు? ఎడమది చేయించను, పో!"

ఆమె అరుస్తూనే కొంగు నడుముకు దోపుకుని కుళాయి వైపు నడిచింది. వాచ్‌మన్ పరుగున వచ్చి, "మేడం, పావు బకెట్టు చాలునా?" అన్నాడు.

"నిండా పట్టు!" అంది ఆమె. "నువ్వూ ఒక గుడ్డ తెచ్చుకో."